కులకట్టు నుంచి నియమావళి దాకా

బెంగళూరు నుంచి హోసూరు వైపు పోయే దారిలో, చందాపుర దాటేలోపు, కన్నడ లిపి కొద్దిగా చదవడం వచ్చిన విద్యార్థికి ఒక చిన్న గుర్తు పదేపదే కంటబడుతుంది. కల్యాణ మంటపాల మీద, విద్యార్థి వసతి గృహాల మీద, పండుగ శుభాకాంక్షల బ్యానర్ల మీద ఫలానా 'జన సంఘ' అనో 'సమాజ' అనో ఉండి, ఆ పేరు చివర కుండలీకరణాలలో 'రి' అన్న ఒక్క అక్షరం ఉంటుంది. 'రిజిస్టర్డ్' అన్న మాటకు అది పొట్టి రూపం. తెలుగునాట బోర్డులమీద ఇదే 'రిజి. నెం.' అంటూ అంకెలతో సహా కనిపిస్తుంది. పుట్టుకతో సంక్రమించే కులానికి, గోత్రానికి రిజిస్ట్రేషన్ ఏమిటి, చందా ఏమిటి, ఎన్నికలేమిటి అని మా విద్యార్థులు అడుగుతుంటారు. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు సుమారు నూట డెబ్బై అయిదేళ్ళ చరిత్రలో ఉంది, కొంత మన మాటల్లోనూ ఉంది. మాటలతోనే మొదలుపెడదాం.

సంస్కృతంలో 'కులం' అంటే ఇల్లు, కుటుంబం, వంశం. కులదైవం, కులగురువు అన్న సమాసాలలో ఈ పాత అర్థం ఇంకా బతికి ఉంది. కులదైవం అంటే ఇంటి దేవుడే గాని, జాతి మొత్తానికి దేవుడు కానక్కరలేదు. తెలుగు వాడుకలో ఈ మాట విస్తరించి, పెళ్ళి సంబంధాలు కలుపుకొనే పెద్ద సమూహానికి పేరయింది. వంశం అన్న చిన్న అర్థాన్ని ఇంటిపేరు, గోత్రం పంచుకున్నాయి. కన్నడ ప్రాంతంలో అదే పనికి 'బెడగు' అన్న మాట ఉంది: ఒకే బెడగు వారు తమలో తాము పెళ్ళాడరు. కులం అన్నది అల్లుకొన్న వంశాల గుంపు అనుకుంటే, ఆ అల్లికను పట్టి ఉంచిన ముడిని మన పెద్దలు 'కట్టు' అన్నారు. కులకట్టు, కట్టుబాటు, కట్టడి అన్నీ 'కట్టు' అన్న క్రియనుంచి పుట్టినవే. దీనికి రాతకోతలు లేవు. ఉండవలసిన అవసరమూ లేకపోయింది, ఎందుకంటే ఎవరు లోపలివారో ఎవరు వెలుపలివారో అందరికీ తెలుసు.

ఈ కట్టు నడిచిన తీరుకు చిత్తూరు సీమనుంచి మంచి సాక్ష్యం ఉంది. ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాల గ్రంథంలో 'దేశాయి' అన్న శీర్షిక చూడవచ్చు. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో (చిత్తూరు 1911 దాకా అందులోదే) దాదాపు ప్రతి తాలూకాకూ ఒక దేశాయి సెట్టి ఉండేవాడు. బలిజ కులస్థుడు, ఇంటిపేరు ధనపాల. ఆయన అధికారం తన కులం మీదే కాదు, మొత్తం పద్దెనిమిది కులాల మీద. పెళ్ళి జరిగితే ఆయనకు రుసుము ముట్టాలి, తప్పు జరిగితే ఆయన సమక్షంలో పంచాయతీ జరగాలి, దండుగ ఆయన చెప్పాలి. పదవి తండ్రినుంచి కొడుక్కు వచ్చేది. ఈ రుసుములకు, దండుగలకు ఆయన ఎవరికి లెక్క చెప్పాలి అన్న ప్రశ్న ఆ వ్యవస్థలో పుట్టనే లేదు. పాత మైసూరులో ఒక్కలిగలలో 'కట్టెమనె' అన్న పెద్దిల్లు ఈ స్థానంలోనే ఉండేది. 'కట్టె' అంటే అరుగు, 'మనె' అంటే ఇల్లు. తీర్పు చెప్పే అరుగు ఏ ఇంటిదో ఆ ఇల్లే అధికారం.

ఈ అధికారానికి అసలు బలం ఒకటే: వెలి. వెలివేసినవాడికి నిప్పు, నీళ్ళు, పిల్లనిచ్చిపుచ్చుకోవడం మాత్రమే కాదు, ఆస్తి హక్కు కూడా పోయేది. ఈ బలాన్ని 1850లో ఒక చట్టం తీసివేసింది. కులంనుంచి వెలి అయినంతమాత్రాన, మతం మారినంతమాత్రాన వారసత్వపు హక్కు పోదని అది శాసించింది. ఆ సంవత్సరపు చట్టాలలో దాని సంఖ్య 21. సరిగ్గా పదేళ్ళకు, 1860లో, సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. దాని సంఖ్య కూడా 21! ఇది కాకతాళీయమే అయినా గుర్తుపెట్టుకోవడానికి వీలైనది. మొదటి ఇరవై ఒకటి కులపెద్ద చేతిలోని కర్రను లాక్కుంది. రెండవ ఇరవై ఒకటి, పదేళ్ళ తరువాత, అదే చేతికి మినిట్స్ పుస్తకాన్ని అందించింది.

రెండవ చట్టాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఏడుగురు కలిస్తే చాలు, ఒక సంఘస్థాపన పత్రం రాసుకొని, నియమావళి జతచేసి రిజిస్ట్రారుకు సమర్పించవచ్చు. కాని ఏ పనికోసం? సాహిత్యం, శాస్త్రం, లలితకళలు, ఉపయుక్త విజ్ఞాన వ్యాప్తి, దానధర్మాలు. ఇవీ ఆ చట్టం పీఠికలో చెప్పిన ప్రయోజనాలు. అందులో కులం లేదు, వంశం లేదు. కాబట్టి ఒక కులం ఈ గుమ్మంలో అడుగుపెట్టాలంటే, 'మీరెవరు?' అన్నదానికి కాక 'మీరెందుకు?' అన్నదానికి జవాబు చెప్పవలసి వచ్చింది. వంశానికి ఏనాడూ ఎదురుకాని ప్రశ్న ఇది. వంశం ఎందుకో ఒకందుకు ఉండదు, అది ఉంటుంది, అంతే. జవాబుగా వచ్చినవి దాదాపు అంతటా ఒకటే: విద్యార్థి వసతి గృహం, విద్యావేతనాలు, సత్రం, అనాథ వివాహాలకు సాయం. పట్టణాలలో కుల వసతి గృహాలు అన్ని వెలియడానికి విద్యాదాహం ఎంత కారణమో ఈ చట్టపు భాష కూడా అంతే కారణమని మా అభిప్రాయం.

తెలుగువారిలో ఈ మార్పును మొదటినుంచి చివరిదాకా చూడదలచుకొంటే కోమట్ల చరిత్ర అన్నిటికన్నా అనువైనది. వీరిది పూర్తిగా గోత్రాల మీద కట్టిన ఇల్లు. పశ్చిమ గోదావరి పెనుగొండలో వాసవీ కన్యకతో పాటు అగ్నిప్రవేశానికి నిలిచినవి 102 గోత్రాలని, మిగిలిన గోత్రాలవారు తప్పుకున్నారని వారి కులపురాణం చెబుతుంది. ఆ కథను గురజాడ 'కన్యక'గా తిరగరాసిన సంగతి మన విద్యార్థులకు తెలిసినదే. కొన్ని గోత్రాలవారు తమ గోత్రానికి చెప్పిన చెట్టునో కాయనో ముట్టరు, తినరు. మేనరికం ఇక్కడ ముచ్చట కాదు, విధి: మేనమామ కూతురు ఉంటే ఆ పిల్లనే చేసుకోవాలి. ఊరికి ఒక పెద్దసెట్టి, ఆయనకు తోడుగా కొన్నిచోట్ల మమ్మడిసెట్టి, పైన భాస్కరాచార్య పరంపర గురువులు. కట్టు అంటే ఇంత పకడ్బందీగా ఉండేది.

దానికి లోపలినుంచి కాక బయటినుంచి పరీక్ష వచ్చింది. తాము వైశ్యులమని, వేదోక్తంగా సంస్కారాలు జరుపుకొనే హక్కు ఉందని వీరనడం, పురోహిత వర్గం కాదనడం పద్దెనిమిదవ శతాబ్ది చివరినుంచీ ఉన్నదే. మచిలీపట్నం ఈ వాదానికి కేంద్రం. అక్కడి కోమటి పండితుడు మామిడి వెంకయ్య (1764–1834) ఈ వివాదంలో ముఖ్యుడు. ఈ పేరు భాషా విద్యార్థులకు మరో కారణంగా తెలియాలి. అకారాది క్రమంలో తెలుగు మాటలు కూర్చిన 'ఆంధ్రదీపిక' ఆయనదే. ద్రావిడ భాషలు ఒక కుటుంబమని ఎల్లిస్ 1816లో క్యాంబెల్ వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో నిరూపించినప్పుడు, వెంకయ్య పీఠికను అనువదించి ఆధారంగా వాడుకున్నాడు. అంటే తెలుగు పదాల వంశవృక్షాన్ని గీయడానికి తోడ్పడిన మనిషే తన కులపు వంశ ప్రతిష్ఠకోసమూ పోరాడాడు. ఈ రెండు పనులూ ఆయనకు వేరువేరుగా తోచి ఉండవని మేమనుకుంటాం. ఆ సంస్కారాల తగవు ఆయన పోయాక కూడా చల్లారక, 1840లలో లండన్‌లోని ప్రివీ కౌన్సిలు గడప తొక్కింది.

ఇక్కడ గమనించవలసినది కోర్టుకు వెళ్ళడంలో దాగిన మార్పు. కోర్టులో కులం మాట్లాడలేదు. ఎవరో కొందరు మనుషులు, పేర్లతో సహా, కులం తరఫున మాట్లాడాలి. వాళ్ళకు ఆ అధికారం ఎవరిచ్చారు? పెద్దసెట్టి మాట తన ఊరు దాటితే చెల్లదు. చెన్నపట్నంనుంచి బళ్ళారి దాకా, మైసూరు దాకా చెదిరిన వర్తకులందరి తరఫున ఒక గొంతు కావాలంటే గోత్రం చాలదు, కాగితం కావాలి. ఆ కాగితం 1905లో వచ్చింది. మద్రాసులో సల్లా గురుస్వామి శెట్టి పూనికతో 'సదరన్ ఇండియా వైశ్య అసోసియేషన్' ఏర్పడింది. పేరులో 'కోమటి' లేకపోవడం చూడండి. వందేళ్ళకు పైగా వాదించిన వర్ణనామం సంఘం పేరుగా స్థిరపడింది. తరువాతి కాలంలో వాడుకలోకి వచ్చిన 'ఆర్యవైశ్య' దానికి ఇంకో మెట్టు. రిజిస్టరులో పేరు రాయించేటప్పుడు సంఘాలు తమ పేరును ఏరుకుంటాయి. ఊరు పెట్టిన పేరు పక్కకు జరిగి తాము కోరిన పేరు అచ్చులోకి వస్తుంది. జనాభా లెక్కలవారు ఆ తరువాత ఆ అచ్చుపేరునే అడుగుతారు.

మద్రాసులోనే డబ్బు సంగతీ మారిన ఉదాహరణ ఉంది. జార్జిటౌన్‌లోని కొత్వాల్ చావడి బజారు కన్యకాపరమేశ్వరి ఆలయానికి చెందిన ఆస్తి. ఆ బజారు రాబడి దేవాలయ నిర్వహణకు, ధర్మకార్యాలకు, చదువులకు వెళ్ళేది. టోకు కూరగాయల వ్యాపారం 1996లో కోయంబేడుకు తరలిపోయేదాకా ఆ బజారు నగరానికి కూరలు పంచింది. దేశాయి సెట్టి రుసుమూ ఈ బజారు రాబడీ పైకి ఒకే రకం. తేడా ఎక్కడంటే మొదటిది ఒక ఇంటి వారసులకు చేరింది, రెండవది ఏ ఇంటికీ చేరకూడదు.

1860 చట్టంలో ఈ విషయం మీద ఉన్న నియమమే, మా దృష్టిలో, మొత్తం మార్పుకు ఇరుసు. సంఘం ఆస్తి పాలకవర్గం పేర ఉంటుంది. సంఘాన్ని రద్దు చేస్తే అప్పులు పోను మిగిలినది సభ్యులు పంచుకోకూడదు, అలాంటి మరో సంఘానికి ఇవ్వాలి. ఉమ్మడి కుటుంబం విడిపోతే వాటాలు పడతాయి, ఇత్తడి చెంబుతో సహా. సంఘం విడిపోతే ఎవరికీ ఏమీ రాదు. 'లాభాపేక్ష లేని సంస్థ' అని నేడు మనం బరువుగా అనే మాటకు పిండితార్థం ఇదే. లాభం రాకూడదని కాదు, వచ్చినది ఇంటికి పోకూడదని. వంశం అన్న మాటకు ప్రాణం వారసత్వమైతే, రిజిస్టరైన మరుక్షణం ఆ ఒక్క దారి మూతబడుతుంది.

మైసూరు రాజ్యంలో ఇదే పని 1904 నాటి మూడవ రెగ్యులేషన్ చేసింది. దాని వెంటనే సంఘాలు వరుసకట్టాయి: 1905లో లింగాయతుల విద్యానిధి సంఘం, 1906లో ఒక్కలిగర సంఘం. ఆనేకల్ తాలూకాలో, కోలారు సీమలో ఇంట్లో తెలుగు మాట్లాడే మొరసు ఒక్కలిగలు, రెడ్లు ఎందరో ఉన్నారు. వీరి సంఘ జీవితం నడిచిన భాష మాత్రం ఎక్కువగా కన్నడమే. ఇక్కడ సంఘాలకు మరో ప్రయోజనం తోడయింది. 1918లో నియమించిన మిల్లర్ కమిటీ బ్రాహ్మణేతరులకు ఉద్యోగాలలో వాటా ఉండాలని సిఫారసు చేశాక, ప్రభుత్వం ముందు లెక్కలు, విన్నపాలు పెట్టే నోరు ప్రతి కులానికీ అవసరమైంది. కట్టెమనె పెద్ద విన్నపం పెడితే అది ఒక మనిషి మాట. సంఘం కార్యదర్శి సంతకంతో, ముద్రతో వెళితే అది ఒక సముదాయం మాట. తరువాత 1960లలో నాగన్నగౌడ కమిటీకి, 1970లలో హావనూర్ కమిషన్‌కు కూడా సంఘాలే వాకిలి. 1994లో కర్ణాటక ప్రభుత్వం వెలువరించిన వెనుకబడిన తరగతుల జాబితాలో ఒక్కలిగలతో పాటు రెడ్డి, కమ్మ పేర్లు ఒకే వర్గంలో కనిపిస్తాయి. తెలుగునాట ఇలాంటి జాబితాలో చోటులేని పేర్లు ఇక్కడ ఉన్నాయి. కులం సరిహద్దు దాటితే దాని హోదా మారుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

భాష సంగతి వచ్చింది గనుక ఇక్కడి తెలుగు విద్యార్థులు తరచు తడబడే కొన్ని మాటలు చెప్పాలి. తెలుగు 'సభ్యుడు' కన్నడంలో 'సదస్య'. కన్నడంలో 'సభ్య' అంటే మర్యాదస్థుడు. తెలుగులో ఆ అర్థం 'సభ్యత' అన్న మాటలో దాక్కుంది. మన 'సర్వసభ్య సమావేశం' వారి 'మహాసభె'. మనకు మహాసభ అంటే వేలమంది కూడే పెద్ద సమావేశం, పందిళ్ళు, ఊరేగింపు. కాబట్టి 'వార్షిక మహాసభె' ఆహ్వానం చూసి భోజనాలు ఉంటాయని వెళ్ళినవాడికి జమాఖర్చుల పట్టిక ఎదురుకావచ్చు. మన 'నమోదు' వారి 'నోందణి'. మన కోశాధికారి వారి 'ఖజాంచి'. మనం నియమావళి అంటాం, వారు తేలికగా 'బైలా' అంటారు. 'సంఘం' అన్న మాట మాత్రం ఇద్దరిదీ. బౌద్ధ భిక్షువులనుంచి వచ్చి, 'సంఘసంస్కరణ' అన్నప్పుడు మొత్తం సమాజానికి పేరై, తెలుగు క్రైస్తవులలో చర్చికి పేరై, చివరకు రిజిస్ట్రారు కచేరీలో కూర్చుంది.

ఇక చిక్కు ముడి సభ్యత్వం. కులకట్టులో చేరడం లేదు, పుట్టడమే ఉంది. సంఘంలో పుట్టడం చాలదు, దరఖాస్తు పెట్టాలి, చందా కట్టాలి, పేరు పుస్తకంలో ఎక్కాలి. పుట్టినా చేరనివాడు ఉంటాడు. వాడు ఆ కులంవాడే గాని ఓటు లేనివాడు. ఈ కొత్తరకం మనిషిని పాత వ్యవస్థ ఎరగదు. అలాగే 'వెలి' పోయి 'సభ్యత్వ రద్దు' వచ్చింది. దానికి నోటీసు కావాలి, సంజాయిషీ వినాలి, తీర్మానం కావాలి.

ఎవరిని చేర్చుకోవాలన్నది సంఘం ఇష్టమేనా? దీనిమీద సుప్రీంకోర్టు చెప్పిన ముఖ్యమైన తీర్పు ఒకటి ఒక భాషా సంస్థ విషయంలోనే వచ్చింది. హిందీ సాహిత్య సమ్మేళనాన్ని పార్లమెంటు 1962లో చట్టంద్వారా మార్చి కొత్త సభ్యులను చొప్పించగా, 1971లో దమయంతి నారంగా కేసులో కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. సంఘం పెట్టుకొనే హక్కులో, ఎవరితో కలిసి ఉండాలో ఎంచుకొనే హక్కు కూడా ఉందన్నది సారాంశం. 2005లో పార్సీల సహకార గృహనిర్మాణ సంఘం కేసులో కూడా, సభ్యత్వాన్ని తమవారికే పరిమితం చేసుకోవడం చెల్లుతుందని తీర్పు వచ్చింది. అయితే పన్నులవారు వేరే దారిలో వచ్చారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం, అది అమలులోకి వచ్చాక స్థాపించిన ధర్మసంస్థ ఒకే మతానికో కులానికో మేలుచేసేదైతే దానికి మినహాయింపు లేదంది. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లలకోసం పెట్టినవాటిని మాత్రం విడిచిపెట్టింది. దాని ఫలితం పత్రాల భాషలో కనబడుతుంది. 1905 నాటి సంఘం తన కులం పేరును నిర్భయంగా రాసుకుంది. 1961 తరువాత పుట్టిన ట్రస్టు పేరులో కులదైవాన్ని పెట్టుకొని, ఆశయాలలో 'కులమత భేదం లేకుండా' అని రాసుకోవలసి వచ్చింది. రాసినందువల్ల కొన్నిచోట్ల నిజంగానే ఇతరులకూ తలుపులు తెరుచుకున్నాయి. కొన్నిచోట్ల ఆ వాక్యం కాగితం మీదే ఉండిపోయింది.

అన్నిటికన్నా గట్టి ప్రశ్న ఆడపిల్లలది. గోత్రం లెక్కలో పెళ్ళయిన ఆడపిల్ల ఇంకొక గోత్రానికి వెళ్ళిపోతుంది. సంఘం లెక్కలో ఆమె తన పేరున చందా కట్టిన సభ్యురాలు. కులం బయట పెళ్ళాడితే ఆమె సభ్యత్వం ఏమవుతుంది? ఆమె పిల్లలకు విద్యావేతనం వస్తుందా? కట్టుబాటు ఈ ప్రశ్నలను కనుసైగతో తేల్చేది. నియమావళి అక్షరాలలో తేల్చాలి. 'కులస్థుడు' అని రాస్తే ఒకటి, 'కులంలో పుట్టినవారు' అని రాస్తే మరొకటి, 'కులస్థుల కుటుంబ సభ్యులు' అని రాస్తే ఇంకొకటి. ఒక ప్రత్యయంతో ఇల్లు విశాలమో ఇరుకో అవుతుంది.

ఇతర దేశాలవారు ఇదే ముడిని వేరువేరుగా విప్పారు. స్కాట్లండులో వంశపు పెద్దరికం ఇంకా వారసత్వమే. దాని పక్కనే ఆ వంశం పేర ఎన్నికైన కార్యవర్గంతో సంఘం నడుస్తుంది. పెద్దకు గౌరవం, సంఘానికి లెక్కలు. సింగపూరులో చైనీయుల వంశ సంఘాలు 1890 నుంచి, రహస్య ముఠాలం కామని నిరూపించుకోవడానికి సర్కారు దగ్గర నమోదు కావలసి వచ్చింది. మన దగ్గర పెద్దసెట్టి సంఘంలో కలిసిపోయాడు. వారసుడిగా కాదు, అప్పుడప్పుడు ఎన్నికలలో నిలబడే అభ్యర్థిగా.

మార్పులో నష్టపోయినవారి మాట కూడా చెప్పాలి. కులానికి పూర్వం చిరునామా పుస్తకం ఆశ్రిత కులాలవారే. పద్మశాలీలకు కూనపులివారు పటం పరచి మార్కండేయ పురాణం చెప్పేవారు. కోమట్లకు మైలారివారు కన్యక కథ పాడి, కోమట్లను తప్ప ఇతరులను యాచించకుండా బతికేవారు. ఏ ఇంటివారు ఏ ఊరికి వలసపోయారో, ఏ గోత్రం ఎక్కడ ఉందో ఈ గాయకుల నోట ఉండేది. సంఘాలు సభ్యుల పట్టికలు, వివాహ సంబంధాల సంచికలు అచ్చువేయడం మొదలుపెట్టాక వీరి అవసరం తగ్గింది. నియమావళులలో సత్రానికి, హాస్టలుకు పద్దు ఉంది. కథకుడికి పద్దు ఉన్న నియమావళి మాకు ఇంతవరకు కనబడలేదు.

ఈ సెలవులలో విద్యార్థులు చేయదగిన పని ఒకటి ఉంది. మీ కుటుంబానికి పరిచయమున్న ఏ సంఘమైనా సరే, దాని నియమావళి ప్రతిని కార్యదర్శిని అడిగి తీసుకోండి. సభ్యత్వం, రద్దు, ఆస్తి అన్న మూడు శీర్షికల కింద ఉన్న వాక్యాలను కన్నడంలో ఉంటే తెలుగు లిపిలోకి మార్చి, మనుషులను సూచించే ప్రతి మాటను (కులస్థుడు, వంశస్థులు, బాంధవులు, సదస్య) విడిగా రాసి పెట్టండి. వీలైతే అదే సంఘం పాత ప్రతి కూడా చూడండి. ఏ మాట ఏ సంవత్సరంలో మారిందో పక్కన వేయండి. తెలుగు, కన్నడం రెండూ వచ్చిన మీవంటివారు తప్ప ఈ పని చేయగలవారు తక్కువ.